చూలాలి చూపు



"ఆడదానికి పురుడంటే పునర్జన్మ" అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. నెల తప్పిన నాటి నుంచి నీళ్ళాడే దాకా ఒంట్లో ఎన్ని మార్పులు వస్తాయో మనందరికీ అనుభవమే. వేవిళ్ళ గురించీ, కాళ్ళ వాపుల గురించీ, నడుము నొప్పి గురించీ నలుగురు ఆడవాళ్ళం కలిస్తే గంటల తరబడి చెప్పుకుంటాం. చూపు సంగతి మాత్రం ఎవరం ఎత్తం. కడుపుతో ఉన్న పిల్ల "అమ్మా, నాకు సరిగ్గా కనిపించడం లేదే" అంటే, "నీరసంలే" అని ఒక్క మాటతో తేల్చేస్తాం. ఆ ఒక్క మాట వెనక ఎంత కథ ఉన్నదో, ఆ కథ విప్పడానికి డాక్టర్లకు ఎన్నేళ్ళు పట్టిందో ఇవాళ మీకు చెప్పాలనుకున్నాను. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాను. పదో తరగతితోనే ఆపేశారు. అయినా ఈ విషయం వెంటబడి, డాక్టర్లను అడిగి, పుస్తకాలు తిరగేసి ఎందుకు తెలుసుకున్నానంటే, ఇది మా ఇంటి కథ కూడాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్ళాను. మా పిన్ని తొలిచూలు పురిటికి వచ్చి ఉంది. ఏడో నెల. పిన్ని ఎంత నెమ్మదస్తురాలో, అడుగు తీసి అడుగు వేస్తే చప్పుడుండేది కాదు. అలాంటి మనిషి ఆ సెలవుల్లో ద్వారబంధానికి భుజం కొట్టుకుంటూ ఉండేది. కంచం పక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు చెయ్యి తగిలి పడిపోయేది. ఆమె పక్కనే కూర్చుని నేను మల్లెపూలు అందిస్తుంటే, "అమ్మాయి ఏదీ, ఎక్కడికి పోయిందీ?" అని ఎదురుగా చూస్తూ అడిగేది. నాకది ఆటలా ఉండేది. కావాలని పక్కకు జరిగి కూర్చునేదాన్ని.

అమ్మమ్మ ఏమన్నదో తెలుసా? "చూలాలికి చూపు మందగించడం మామూలేనే. నువ్వు నా కడుపున ఉన్నప్పుడు నాకూ రేచీకటి వచ్చింది. పురుడైతే అదే పోతుంది" అన్నది. పురుడయింది. పండులాంటి మగపిల్లాడు. బాలింత స్నానాలు పూర్తయ్యేసరికి పిన్ని చూపు తేటపడింది. అమ్మమ్మ మాట అక్షరాలా నిజమైంది. ఆ నిజమే మా కొంప ముంచింది.

మూడేళ్ళకు పిన్నికి మళ్ళీ నెల తప్పింది. ఈసారి అయిదో నెలలోనే చూపు తగ్గింది. ఎడమ కంట్లో పొగమంచు కమ్మినట్టుందన్నది. అందరం పాత పాటే పాడాం. కళ్ళజోడు రెండుసార్లు మార్పించారు. ఒక డాక్టరుగారు రక్తం తక్కువని టానిక్కు రాసిచ్చారు. ఆడపిల్ల పుట్టింది. కుడికన్ను కాస్త తేరుకుంది. ఎడమకన్ను తేరుకోలేదు. నెలలు గడిచాక పట్నం తీసుకుపోతే అక్కడ తేలింది, మెదడు అడుగున నిమ్మకాయంత కంతి ఉన్నదని. క్యాన్సరు కాదు. ఆపరేషను చేసి తీసేశారు. కుడికన్ను దక్కింది. ఎడమకన్ను దక్కలేదు. "మొదటి కాన్పు నాడే వచ్చి ఉంటే రెండూ దక్కేవమ్మా" అన్నారట అక్కడి డాక్టరుగారు. బాబాయి ఆ మాట చెప్పినప్పుడు అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

తప్పు అమ్మమ్మదంటారా? నేననను. ఆవిడ చెప్పిన రేచీకటి అబద్ధం కాదు. కడుపులో బిడ్డ పెరుగుతున్నకొద్దీ తల్లి ఒంట్లోని ఏ విటమిను బిడ్డకు వెళ్ళిపోతుంది. అసలే తిండి అంతంత మాత్రంగా ఉన్న తల్లికి చివరి నెలల్లో పొద్దు వాలితే చూపు ఆనదు. పురుడయ్యాక, తిండి మెరుగుపడితే, అది చాలామందికి తగ్గిపోతుంది. మన దేశంలో తరతరాలుగా ఆడవాళ్ళు చూస్తూ వచ్చిన సంగతి ఇది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఏ విటమిను లోపం గురించి ఏళ్ళ తరబడి పరిశోధనలు చేశారు. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు తినమని వాళ్ళు చెప్పే మాట మనకు కొత్తేమీ కాదు.

చిక్కల్లా ఇక్కడే వచ్చింది. రేచీకటీ పురుటితో పోతుంది. మెదడు అడుగున ఉన్న కంతి వల్ల తగ్గిన చూపూ ఒక్కోసారి పురుటితో తేరుకుంటుంది. పైకి చూస్తే రెండూ ఒకటే. ఒకటి పోతే నిజంగా పోయినట్టే. రెండోది పోతే మాత్రం తలుపు చాటున నక్కినట్టు. మళ్ళీ కడుపు పండగానే మళ్ళీ బయటికి వస్తుంది. ఈ తేడా పసిగట్టడం మన అమ్మమ్మలకే కాదు, ప్రపంచంలో గొప్ప గొప్ప వైద్యులకు కూడా చాలాకాలం చేతకాలేదు సుమండీ.

ఇది అర్థం కావాలంటే తల లోపల ఏమున్నదో కాస్త తెలియాలి. రెండు కళ్ళ వెనక నుంచీ రెండు నరాలు బయలుదేరి మెదడు అడుగున ఒక చోట కలుసుకుంటాయి. జడలో పాయలు అటువి ఇటూ, ఇటువి అటూ వేస్తాం చూడండి, అలాగే అక్కడ రెండు నరాల్లోనూ ముక్కు వైపు పోగులు అటుదిటు, ఇటుదటు దాటుకుంటాయి. మనకు రెండు పక్కలా ఉన్న వస్తువులను చూపించేవి ఈ దాటుకునే పోగులే. ఆ కూడలికి కాస్త కింద, ఎముకలో తొలిచినట్టున్న చిన్న గుంటలో, బఠానీ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. బాలింతకు పాలు పడేలా చేసేది కూడా ఆ గ్రంథే. గర్భిణిగా ఉన్నప్పుడు అది సహజంగానే కొంత పెరుగుతుంది. మామూలు మనిషికి ఆ పెరుగుదల వల్ల ఏ హానీ లేదు, చోటు సరిపోతుంది. కాని అక్కడ ముందే ఒక కంతి ఉంటే? ఇరుకు గదిలోకి మరో బీరువా చేర్చినట్టే. నరాల కూడలి నలిగిపోతుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలు చీకటైపోతాయి. వెనకటికి జట్కా గుర్రానికి కళ్ళ పక్కన తోలు గంతలు కట్టేవారు కదా, ఆ గుర్రం చూపే ఈ చూపు. మా పిన్ని ద్వారబంధం ఎందుకు కొట్టుకునేదో, పక్కనున్న నేను ఎందుకు కనిపించేదాన్ని కానో నాకు ఇరవై ఏళ్ళ తర్వాత అర్థమైంది.

అక్కడ పుట్టే కంతులు ముఖ్యంగా రెండు రకాలు. పీయూష గ్రంథిలోనే పుట్టేది ఒకటి. మెదడును కప్పి ఉంచే పొర నుంచి పుట్టేది రెండోది, దాన్ని మెనింజియోమా అంటారు. రెండూ సాధారణంగా క్యాన్సరు జాతివి కావు. నెమ్మదిగా పెరుగుతాయి. ఒకమాట ఇక్కడే చెప్పాలి, ఎవరూ బెంగపడకండి. గర్భం వల్ల ఈ కంతులు పుట్టవు. చాలా అరుదుగా వచ్చేవి. ముందే ఉండి, చప్పుడు చెయ్యకుండా పడుకున్నవి గర్భకాలంలో ఉబ్బుతాయి. ఆ రోజుల్లో ఒంట్లో రక్తమూ నీరూ పెరుగుతాయి, స్త్రీ హార్మోన్లు ఎన్నోరెట్లవుతాయి. మెనింజియోమాల్లో చాలావాటికి ప్రొజెస్టిరోన్ అనే హార్మోనును పట్టుకునే గుణం ఉన్నదని పరిశోధకులు తర్వాత కనుక్కున్నారు. పురుడయ్యాక ఆ పొంగు తీసిపోతుంది, కంతి కాస్త కుంచించుకుంటుంది, నరానికి ఊపిరి ఆడుతుంది, చూపు వస్తుంది. కంతి మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

ఇక చరిత్రలోకి వెళదాం. పందొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా బతికున్న మనిషి కంటి లోపల ఏమున్నదో చూసే సాధనమే లేదు. 1851లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు కంటిపాప గుండా లోపలికి వెలుగు పంపి చూసే సాధనాన్ని లోకానికి ప్రకటించాడు. దాని సాయంతో బెర్లిన్‌లో ఫాన్ గ్రేఫె అనే కంటివైద్యుడు 1860లో ఒక విషయం తేల్చాడు. మెదడులో ఒత్తిడి పెరిగితే కంటి నరం మొదలు వాచి కనిపిస్తుందని. రోగి ఎంతమేర చూడగలుగుతున్నదో కొలిచే పద్ధతిని వైద్యంలోకి తెచ్చినవాడూ ఆయనే. కన్ను మెదడుకు కిటికీ అని డాక్టర్లకు అర్థమైంది అప్పుడే.

ఆ తర్వాత 1909లో వియన్నా నగరంలో ఎర్డ్‌హైమ్, స్టుమ్మె అనే ఇద్దరు వైద్యులు గర్భిణుల పీయూష గ్రంథిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, గర్భకాలంలో అది పెరగడమే కాక అందులో ప్రత్యేకమైన కణాలు నిండుతాయని వివరించారు. గ్రంథి పెరుగుతుందన్నది తెలిసింది. కాని దానికీ, చూపు పోయిన తల్లి మాటకూ ముడివేసేవాళ్ళు కావాలి కదా.

ఆ ముడి బోస్టన్‌లో పడింది. అమెరికాలో హార్వే కుషింగ్ అనే మహా శస్త్రవైద్యుడు ఉండేవాడు. 1869లో పుట్టాడు. మెదడు ఆపరేషనంటే మనిషి దక్కడనుకునే రోజుల్లో ఆ మాటను తిప్పివేసినవాడు. 1931 ఏప్రిల్ 15న ఆయన చేసిన ఆపరేషనుతో ఆయన చూసిన మెదడు కంతుల లెక్క 2000కు చేరింది. మెనింజియోమా అన్న పేరు కూడా 1922లో ఆయన పెట్టిందే.

కాని, నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఆయన గురించి కన్నా ఆయన దగ్గర పనిచేసిన ఒక ఆడమనిషి గురించి. పేరు లూయిస్ ఐజెన్‌హార్ట్. 1891లో పుట్టింది. 1915లో ఆయన రచనలు సరిచూసే సహాయకురాలిగా చేరింది. అంటే అప్పటికి డాక్టరు కాదు, కాగితాల పని. ఆ కాగితాలు చూసి చూసి ఆమెకు వైద్యం చదవాలన్న పట్టుదల పుట్టింది. చదివి, 1925లో డాక్టరు పట్టా పుచ్చుకుంది. తిరిగి కుషింగ్ దగ్గరకే వచ్చింది. ఆపరేషను గదిలో ఆయన కంతి ముక్క తీసి ఇస్తే, ఆమె సూక్ష్మదర్శినిలో చూసి అది ఏ జాతిదో కాసేపట్లోనే చెప్పేసేది.

అంతకన్నా గొప్ప పని ఇంకొకటి చేసింది. ఆమె దగ్గర ఒక చిన్న నల్ల అట్ట పుస్తకం ఉండేది. ఆపరేషను అయిన ప్రతి రోగి పద్దూ అందులో రాసుకునేది. ఎవరికి ఏ కంతి, ఆపరేషను తర్వాత ఏమైంది, ఇంటికి వెళ్ళాక ఎలా ఉన్నారు, మళ్ళీ ఎప్పుడు జబ్బు చేసింది, అన్నీను. మనం పాలవాడి పద్దూ, చాకలి పద్దూ రాసుకోమూ? నెలాఖరున తేడా ఎక్కడ వచ్చిందో ఆ పుస్తకమే చెబుతుంది. అలాగే ఒక జబ్బు అసలు రంగు ఒక్కరోజులో బయటపడదు. అయిదేళ్ళు, పదేళ్ళు వెంటబడి రాసిపెడితేనే పడుతుంది.

1929లో కుషింగ్, ఐజెన్‌హార్ట్ కలిసి కంటివైద్యుల పత్రికలో ఒక పెద్ద వ్యాసం రాశారు. సరిగ్గా నరాల కూడలి ముందు భాగాన ఎముక అంచున పుట్టే మెనింజియోమాల గురించి. నడివయసు మనిషికి రెండు పక్కలా చూపు తగ్గుతూ, కంటి నరం పాలిపోయి, ఎక్స్‌రేలో మాత్రం పీయూష గ్రంథి గుంట మామూలుగానే ఉంటే ఈ కంతిని అనుమానించమని చెప్పారు. గర్భిణిగా ఉన్నప్పుడు చూపు తగ్గి, పురుడయ్యాక తేరుకోవడమన్న సంగతిని కూడా ఆ వ్యాసంలో ప్రస్తావించారు. ఆలోచించండి. ఒక తల్లి "నా కడుపున బిడ్డ ఉన్నప్పుడు నాకు కనిపించలేదండీ" అని చెబితే, ఆ మాటను నీరసం కింద కొట్టివేయకుండా కాగితం మీద పెట్టారన్నమాట. 1938లో ఇద్దరూ కలిసి 300 మంది పైచిలుకు రోగుల చరిత్రలతో మెనింజియోమాల మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. మరుసటి ఏడే కుషింగ్ కన్నుమూశాడు. ఐజెన్‌హార్ట్ 1944 నుంచి 20 ఏళ్ళ పైన మెదడు శస్త్రవైద్యుల పత్రికకు సంపాదకురాలిగా ఉండి, 1967లో పోయింది.

ఒక వ్యాసంలో ప్రస్తావన వచ్చినంత మాత్రాన లోకమంతా తెలుసుకున్నట్టు కాదు. 1951లో అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు నరాల కూడలి దగ్గరి మెనింజియోమాల మీద గర్భం ప్రభావం ఎలాంటిదో ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. 1958లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి బికర్‌స్టాఫ్ అనే వైద్యుడూ, ఆయన సహచరులూ ఇంకో అడుగు ముందుకు వేశారు. కొన్ని మెనింజియోమాలు గర్భంతో పాటు పెచ్చుపెరగడం, పురుడు కాగానే తగ్గడం, మళ్ళీ గర్భంతో తిరగబెట్టడం చూపించారు. బహిష్టు రోజులతో కూడా ఈ ఎగుడుదిగుళ్ళకు సంబంధం ఉన్నదన్నారు. పోయి వచ్చే జబ్బయ్యేసరికి, కంతి అన్న అనుమానం రాకుండా, నరాల వాపనో మరొకటనో పొరబడే ప్రమాదం ఉన్నదని దీనివల్ల తెలిసింది. వైద్యులందరికీ చిన్నప్పటి నుంచీ నేర్పిన సూత్రం ఏమిటంటే, కంతి అన్నది పెరుగుతూనే పోతుంది, తగ్గితే అది కంతి కాదు అని. మా అమ్మమ్మ సూత్రమూ అదే కదండీ! పోయింది కాబట్టి జబ్బు కాదు. చదివినవాళ్ళూ చదవనివాళ్ళూ ఒకే గుంటలో కాలు వేశారు.

సరే, అనుమానం వచ్చింది. మరి చూడడం ఎలా? ఎముక కనిపిస్తుందే కాని ఎక్స్‌రేలో మెదడు కనిపించదు. తలలోని గదుల్లోకి గాలి ఎక్కించి తీసే పద్ధతి 1918లోనూ, రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసే పద్ధతి 1927లోనూ వచ్చాయి. రెండూ బాధాకరమే. పైగా కడుపుతో ఉన్న మనిషికి. ఇంతలో 1956లో ఇంగ్లండులో ఏలిస్ స్టూవర్ట్ అనే డాక్టరమ్మ ఇంకో పిడుగులాంటి వార్త చెప్పింది. క్యాన్సరు వచ్చిన పసిపిల్లల తల్లులకు ప్రశ్నలు పంపి, వాళ్ళు చెప్పినవన్నీ పోగుచేసి చూస్తే, గర్భిణిగా ఉండగా పొట్టకు ఎక్స్‌రే తీయించుకున్న తల్లుల పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువగా ఉందని తేలింది. 1958లో పూర్తి లెక్కలు ప్రకటించింది. తోటి డాక్టర్లు చాలాకాలం ఆ మాట నమ్మలేదు. చివరకు ఆమె చెప్పిందే నిలబడింది. ఇక్కడ కూడా చూడండి, ఒక ఆడమనిషి వెళ్ళి తల్లులనే అడిగింది, తల్లులు జ్ఞాపకం పెట్టుకుని చెప్పారు.

ఆ తర్వాత గర్భిణికి ఎక్స్‌రే అంటే డాక్టర్లు వెనకాడడం మొదలుపెట్టారు. అది మంచిదే. కాని మెదడులో కంతి ఉన్న తల్లికి అదొక సంకటమై కూర్చుంది. తీయించకపోతే జబ్బు తెలియదు, తీయిస్తే బిడ్డకేమవుతుందో అన్న భయం. దారి నెమ్మదిగా తెరుచుకుంది. 1971 అక్టోబరు 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ కనిపెట్టిన సీటీ యంత్రంలో మొట్టమొదటి రోగికి తల ఫోటో తీశారు. మెదడులో కంతి ఉందేమోనని అనుమానమున్న ఒక స్త్రీయే ఆ రోగి. కంతి స్పష్టంగా కనిపించింది. 1980ల్లో ఎంఆర్ఐ వచ్చింది. అందులో ఎక్స్‌రే కిరణాలే లేవు, అయస్కాంతంతో పనిచేస్తుంది. అందుకే ఇవాళ గర్భిణికి మెదడు చూడాల్సి వస్తే డాక్టర్లు ముందుగా దాన్నే ఎంచుకుంటారు. నరంలోకి ఎక్కించే రంగు మందును మాత్రం సాధారణంగా వాడరు.

ఇక పీయూష గ్రంథిలోని కంతుల కథ మరో విధం. వాటిలో ఒక జాతి ప్రోలాక్టిన్ అనే పాలిచ్చే హార్మోనును అతిగా తయారుచేస్తుంది. ఆ స్త్రీకి పురుడు లేకుండానే పాలు పడతాయి, బహిష్టు ఆగిపోతుంది, పిల్లలు పుట్టరు. మన ఇళ్ళల్లో గొడ్రాలన్న మాట పడి, శుభకార్యాల్లో వెనక నిలబడ్డ ఆడవాళ్ళలో ఎందరికి ఇదే కారణమో ఎవరికి తెలుసు? మనుషుల్లో ఈ హార్మోనును విడిగా గుర్తించి కొలవడమే 1970, 71 సంవత్సరాల్లో సాధ్యమైంది. ఆ వెంటనే బ్రోమోక్రిప్టిన్ అనే మందు వాడకంలోకి వచ్చింది. బిళ్ళ వేసుకుంటే హార్మోను తగ్గేది, కంతి కుంచించుకునేది, బహిష్టు వచ్చేది, ఏళ్ళ తరబడి పిల్లలు లేనివాళ్ళకు నెల తప్పేది.

ఇంతకన్నా సంతోషం ఏముంటుంది? కాని ఆ సంతోషంలోనే కొత్త భయం పుట్టింది. మందు ఆపగానే, గర్భంతో గ్రంథి పెరిగేటప్పుడు కంతి కూడా పెరిగి చూపు మీదకు వస్తే? 1970లు, 80ల్లో చాలా దేశాల డాక్టర్లు ఇలాంటి తల్లుల లెక్కలు పోగుచేశారు. సెంటీమీటరు లోపున్న చిన్న కంతి అయితే 100 మందిలో ఇద్దరు ముగ్గురికి మాత్రమే గర్భకాలంలో ఇబ్బంది కలుగుతుందనీ, అంతకన్నా పెద్దదైతే, ముందుగా ఆపరేషను చేయించుకోనివారిలో సుమారు అయిదుగురిలో ఒకరికి కలుగుతుందనీ తేలింది. ఆ లెక్కల పుణ్యాన ఇవాళ డాక్టర్లు చిన్న కంతి ఉన్న తల్లికి ధైర్యం చెబుతారు, పెద్ద కంతి ఉన్న తల్లికి నెలల వారీగా చూపు మేర కొలుస్తూ కాపలా కాస్తారు. అవసరమైతే మందు మళ్ళీ మొదలుపెడతారు.

మన సంగతికి వస్తే, మన దేశంలో మెదడు శస్త్రచికిత్స 1949లో వెల్లూరులో జేకబ్ చాందీ గారితోనూ, 1950లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో రామమూర్తి గారితోనూ ఊపందుకుంది. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే కదా. ఆ మద్రాసులోనే కనక గారు 1968లో న్యూరోసర్జరీ పట్టా పుచ్చుకుని మన దేశంలో తొలి మహిళా న్యూరోసర్జన్ అయ్యారు. ఆవిడ 2018లో కన్నుమూశారు. ఆడపిల్ల సూది పట్టుకుంటే కుట్లు అల్లికలకేననుకున్న కాలంలో మెదడు మీద కత్తి పట్టిన మహాతల్లి. ఆ రోజులకూ ఈ రోజులకూ పోలికే లేదు. అప్పట్లో వెల్లూరుకో మద్రాసుకో రైలెక్కవలసి వచ్చేది. ఇవాళ హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ, తిరుపతి వంటి పట్నాల్లో ఎంఆర్ఐ ఉంది, మెదడు డాక్టర్లూ ఉన్నారు. మారనిది ఒక్కటే. "నీరసంలే" అనే మాట.

ఇంతవరకు విన్నారు కనుక, ఇంట్లో కడుపుతో ఉన్న కూతురో కోడలో ఉంటే గుర్తుంచుకోవలసినవి నాలుగు మాటలు చెబుతాను.

గర్భిణికి చూపు కాస్త మసకబారడం చాలాసార్లు నిజంగానే చిన్న విషయం. ఒంట్లో నీరు పెరిగి కంటి నల్లగుడ్డు మీది పొర కూడా కొంచెం ఉబ్బుతుంది. పాత కళ్ళజోడు సరిపోనట్టు ఉంటుంది. పురుడయిన కొన్ని వారాలకు సర్దుకుంటుంది. అందుకే ఆ రోజుల్లో కొత్త కళ్ళజోడుకు తొందరపడవద్దంటారు. కాని, చిన్న విషయమో కాదో తేల్చవలసింది డాక్టరు, మనం కాదు.

అయిదో నెల దాటాక తలనొప్పితో కళ్ళ ముందు మెరుపులు, చుక్కలు, మసక కనిపిస్తే, ముఖం చేతులు ఉబ్బితే, ఆ రోజే ఆస్పత్రికి పరుగెత్తాలి. అది రక్తపోటు వల్ల వచ్చే గుర్రపువాతానికి ముందు గుర్తు కావచ్చు. కంతి కన్నా ఇది ఎన్నోరెట్లు ఎక్కువగా కనిపించేది, తల్లీ బిడ్డల ప్రాణాల మీదకు తెచ్చేది.

పొద్దుగూకాక మాత్రమే చూపు ఆనకపోతే రేచీకటి. అదీ డాక్టరుకు చెప్పాలి. ఏ విటమిను మాత్రలు మనంతట మనం మింగకూడదు, గర్భిణికి మోతాదు మించితే బిడ్డకు చేటు.

ఇక పట్టపగలు కూడా ఒక కంటితో మసకగా ఉంటే, పక్కలు కనిపించక తలుపులూ మనుషులూ తగులుతుంటే, రంగులు వెలిసినట్టుంటే, ఒక్కటే రెండుగా కనిపిస్తే, వేవిళ్ళ నెలలు దాటాక కూడా తెల్లవారుజామున తలనొప్పితో వాంతులవుతుంటే, కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళి "చూపు మేర కొలవండి" అని అడగండి. గోడ మీది క్యాలెండరు ముందు నిలబడి ఒక కన్ను అరచేత్తో మూసుకుని చూడండి, తర్వాత రెండో కన్ను. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఒకటి రెండోదాని లోపం కప్పిపెడుతుంది. అన్యోన్య దాంపత్యంలో ఒకరి తప్పు ఒకరు దాచినట్టు!

కంతి తేలినా కంగారుపడవద్దు. ఒకప్పుడు గర్భం తీయించుకోమనే సలహా ముందు వచ్చేది. ఇవాళ అలా కాదు. చూపు నిలకడగా ఉంటే పురుడయ్యేదాకా కనిపెట్టి ఉంటారు. చూపు దిగజారిపోతుంటే గర్భంతో ఉండగానే ఆపరేషను చేసి తల్లినీ బిడ్డనూ దక్కించుకుంటున్నారు. ప్రసూతి డాక్టరు, కంటి డాక్టరు, మెదడు డాక్టరు ముగ్గురూ కలిసి మాట్లాడుకుని నిర్ణయిస్తారు. వాళ్ళకు మనం ఇవ్వవలసింది కాలం. నలిగిన నరం కొంతకాలం ఓర్చుకుంటుంది, ఆ తర్వాత ఎండిన తీగలా పాలిపోతుంది. ఎండిన తీగకు ఎన్ని నీళ్ళు పోసి ఏం లాభం?

అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివరకు దాచాను. పురుడయ్యాక చూపు తిరిగి వచ్చినా సరే, చూపించుకోండి. పోయి వచ్చిన చూపును నమ్మకండి. పుట్టిన బిడ్డ తూకం, నెలలు, టీకాలు రాసిపెట్టుకునే పుస్తకంలోనే ఒక పేజీ తల్లికి కూడా కేటాయించండి. ఏ నెలలో ఏమయింది, ఎప్పుడు తగ్గింది అని తేదీలతో రాయండి. బోస్టన్‌లో ఆ నల్ల అట్ట పుస్తకం చేసిన పని, మన ఇంట్లో ఆ ఒక్క పేజీ చేస్తుంది.

మా పిన్ని ఇప్పటికీ ఉంది. ఒంటికంటితోనే మల్లెచెండు కడుతుంది, మనవలకు తలలు దువ్వుతుంది. కిందటేడు మా చెల్లెలికి ఆరో నెలలో కళ్ళు మసకలన్నది. మా అమ్మ నోటి దాకా అమ్మమ్మ మాట వచ్చింది. పిన్ని లేచి, చెప్పులు వేసుకుని, "పద, ఆటో పిలు" అన్నది. అదృష్టవశాత్తూ మా చెల్లెలికి అది నీటి ఉబ్బు వల్ల వచ్చిన మసకే. డబ్బు దండగైందని ఎవరో అంటే పిన్ని నవ్వి, "నా ఎడమకంటి ఖరీదు కన్నా తక్కువేలే" అన్నది.

అదండీ నేను చెప్పదలచుకున్నది. సెలవు.